జీతానికి వి.డి.ఎ. వుంది, ఊరి ఆరోగ్య నిధికి ఏదీ?



ప్రతి ఏడాది ఏప్రిల్ నెల వచ్చిందంటే మిల్లు గేటు దగ్గర, గార్మెంట్ ఫ్యాక్టరీ క్యాంటీన్లలో ఒకటే మాట వినిపిస్తుంది: "ఈసారి వి.డి.ఎ. ఎంత పెరిగింది?" ధరల సూచీ ఎన్ని పాయింట్లు పెరిగితే జీతంలో ఎన్ని రూపాయలు పెరగాలో మనలో చదువురాని అక్కచెల్లెళ్ళు కూడా వేళ్ళ మీద లెక్కగట్టి చెప్పగలరు. 2020లో కరోనా పేరు చెప్పి కర్ణాటకలో ఆ ఏడాది వి.డి.ఎ.ను వాయిదా వేసినప్పుడు కార్మిక సంఘాలు ఊరుకోలేదు. హైకోర్టు దాకా వెళ్ళాయి. ధరలు పెరిగితే జీతం పెరగాలి అన్నది ఎవరో దయతో ఇచ్చింది కాదు. దశాబ్దాల పోరాటాలతో కార్మికవర్గం సాధించుకున్న సూత్రం.

అయితే మనకు సంబంధించిన మరొక డబ్బు కూడా వుంది. అది మన జీతం చీటీలో కనిపించదు. మన ఊళ్ళలో, మన తల్లిదండ్రుల ఆరోగ్యం కోసం, గ్రామ కమిటీ చేతికి రావలసిన డబ్బు. ఏడాదికి పదివేల రూపాయలు. ఈ లెక్క 2005లో పుట్టింది. 2013లో కొత్త మార్గదర్శకాలు వచ్చినప్పుడు కూడా అదే పదివేలు. దానికి ధరల సూచీతో ఏ సంబంధమూ లేదు. దాని వి.డి.ఎ. ఎంత అని అడిగేవాళ్ళు లేరు. అసలు వచ్చిందా రాలేదా అని అడిగేవాళ్ళు కూడా తక్కువే. ఈ డబ్బు మనది, దీని లెక్క మనం అడగాలి, దీన్ని పెంచమని మనం డిమాండ్ చేయాలి అన్నదే ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన విషయం.

యూనియన్ పత్రికలో ఊరి సంగతి ఎందుకు?

మిల్లు సమస్యలు, బోనస్, పని భారం, సూపర్‌వైజర్ల వేధింపులు ఇన్ని వుండగా ఊరి ఆరోగ్య కమిటీ గొడవ మనకెందుకు అని కొందరు మిత్రులు అనవచ్చు. దానికి సమాధానం మన ఇళ్ళలోనే వుంది.

బెంగళూరులో నేతపని, స్పిన్నింగు, గార్మెంట్ పని చేస్తున్న తెలుగువాళ్ళం ఎక్కడినుంచి వచ్చాం? హిందూపురం, మడకశిర, కదిరి, మదనపల్లె వైపునుంచి కొందరం. బాగేపల్లి, చింతామణి, ముళబాగిలు, పావగడ వైపునుంచి కొందరం. రాష్ట్రాలు రెండయినా భాష ఒకటే, కరువు ఒకటే, బెంగళూరు వచ్చే బస్సు రోడ్డు ఒకటే. మనం ఇక్కడ పీణ్యలోనో, బొమ్మనహళ్ళిలోనో, మైసూరు రోడ్డులోనో ఒక గది అద్దెకు తీసుకుని వుంటాం. అమ్మా నాన్నా ఊళ్ళో వుంటారు. చాలామందికి పిల్లలు కూడా అక్కడే, అవ్వ దగ్గర పెరుగుతుంటారు. మనం సగం ఇక్కడ, సగం అక్కడ.

మన జీతంలోంచి ఇ.ఎస్.ఐ.కి కోత పడుతుంది. 2019 జులై నుంచి కార్మికుడి వాటా నూటికి 75 పైసలు, యాజమాన్యం వాటా నూటికి 3 రూపాయల 25 పైసలు. చట్ట ప్రకారం భార్యాపిల్లలకే కాదు, మన మీద ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా ఇ.ఎస్.ఐ. వైద్యం అందాలి. కాని డిస్పెన్సరీ ఇక్కడ వుంటే అమ్మ అక్కడ వుంటుంది. ఆమెకు జ్వరం వస్తే చూసేది ఊరి ఆశా కార్యకర్త, సబ్‌సెంటర్ నర్సమ్మ. ఆమె తాగేది ఊరి బోరింగు నీళ్ళు. ఆమె ఇంటి ముందు నిలిచేది ఊరి మురుగు. అందుచేత ఊరి ఆరోగ్యం పాడయితే అది మన జీతం మీదే పడుతుంది. రెండు రోజుల లీవు, బస్సు చార్జీ, ప్రైవేటు నర్సింగ్ హోం బిల్లు, దానికోసం వడ్డీ అప్పు. ఊళ్ళో పది రూపాయలతో ఆగిపోయే జబ్బు మన దగ్గరకు వచ్చేసరికి పదివేల అప్పుగా మారుతుంది. ఇది కార్మిక సమస్య కాక మరేమిటి?

ఏమిటీ నిధి?

2005 ఏప్రిల్ 12న కేంద్ర ప్రభుత్వం జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌ను ప్రారంభించింది. ఆశా కార్యకర్తలు వచ్చింది ఆ పథకంతోనే. దానితోపాటే కొన్ని చిన్న నిధులను ఏర్పాటు చేశారు. సబ్‌సెంటర్‌కు ఏడాదికి రూ. 10,000, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి రూ. 25,000, గ్రామ ఆరోగ్య పారిశుధ్య కమిటీకి రూ. 10,000. తర్వాత ఆ గ్రామ కమిటీ పేరులో పౌష్టికాహారం అన్న మాట కూడా చేరింది.

ఈ డబ్బుకు ఒక ప్రత్యేకత వుంది. మామూలుగా ప్రభుత్వం నుంచి వచ్చే ప్రతి రూపాయి దేనికి ఖర్చు పెట్టాలో పైనుంచే రాసి వస్తుంది. మందుల డబ్బుతో మందులే కొనాలి, సున్నం డబ్బుతో సున్నమే వేయాలి. ఈ డబ్బు అలా కాదు. ఇది కట్టుబాటు లేని నిధి. ఊరికి ఏది అవసరమో ఊరి కమిటీ కూర్చుని తేల్చుకోవాలి. బావి శుభ్రం చేయడం, బ్లీచింగ్ పౌడర్, బోరింగు పక్కన ఇంకుడు గుంత, మురుగు కాలువ పూడిక, ఇంటింటి సర్వే, బడి పిల్లల ఆరోగ్య పరీక్షలు దీనితో చేయవచ్చు. ఊరందరికీ పనికివచ్చే పనికే ఖర్చు పెట్టాలన్నది నియమం. కాని దిక్కులేని ఆడమనిషి, బొత్తిగా లేని కుటుంబం ఆపదలో వుంటే వాళ్ళ వైద్యానికి కూడా ఇవ్వవచ్చు. అవసరానికి చేబదులుగా ఇచ్చి వాయిదాల మీద తిరిగి వసూలు చేసుకోవచ్చునని కూడా మొదటి మార్గదర్శకాల్లోనే వుంది. మన ఆడవాళ్ళు నడిపే చీటీల లాంటిదే.

కమిటీకి అధ్యక్షత వహించేది పంచాయతీకి ఎన్నికయిన సభ్యులు, వీలయితే మహిళ. ఆశా కార్యకర్త కార్యదర్శిగా వుంటుంది. బ్యాంకు ఖాతా ఇద్దరి పేర జాయింటుగా వుంటుంది. నెలకొకసారి సమావేశం జరగాలి. లెక్కలు గ్రామ సభ ముందు పెట్టాలి. కాగితం మీద ఇంతకంటే ప్రజాస్వామికమైన ఏర్పాటు మన దేశంలో మరొకటి చూపించడం కష్టం.

పదివేలంటే ఎంత?

మనం కార్మికులం కాబట్టి లెక్క గట్టి చూద్దాం.

వెయ్యి మంది జనాభా వున్న ఊరికి పదివేలంటే తలకు ఏడాదికి పది రూపాయలు. నెలకు రూపాయి కూడా లేదు.

నెలకు రూ. 14,000 జీతం వున్న కార్మికుణ్ణి తీసుకోండి. అతని వాటా, యాజమాన్యం వాటా కలిపి ఇ.ఎస్.ఐ.కి నూటికి నాలుగు రూపాయలు, అంటే నెలకు రూ. 560 జమ అవుతుంది. ఏడాదికి రూ. 6,720. ఇద్దరు కార్మికులదీ కలిపితే రూ. 13,440. అంటే ఒక ఊరందరి కోసం ఏడాదికి కేటాయించిన నిధి మనలో ఇద్దరి ఇ.ఎస్.ఐ. చందా కంటే తక్కువ!

ఇక ధరల సంగతి. లేబర్ బ్యూరో ప్రకటించే పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ 2005 నుంచి ఇప్పటికి మూడు రెట్లకు పైగా పెరిగింది. అప్పటి పదివేలతో కొన్న వస్తువులు ఇప్పుడు కొనాలంటే ముప్పై వేలు కూడా చాలవు. జీతం ఒక్క ఏడాది పెరగకపోతే మనం గేటు ముందు నిలబడతాం. అలాంటిది ఊరి నిధి అంకె 2005 నుంచి 2013 దాకా చెక్కుచెదరకుండా వుండిపోతే, ఆ ఎనిమిదేళ్ళలో దాని విలువ ఏటేటా కరిగిపోతుంటే, దానికోసం ఒక్క ధర్నా జరగలేదు. జీతం నిలబెట్టి ధరలు పెంచితే అది జీతాల కోతే అని మనకు తెలుసు. నిధి నిలబెట్టి ధరలు పెంచితే అది ఆరోగ్యం కోత. రెండింటికీ తేడా ఏముంది?

థాయ్‌లాండ్‌లో 2006 నుంచి ఇలాంటి స్థానిక ఆరోగ్య నిధులే నడుస్తున్నాయి. అక్కడ ఊరికి ఇంత అని ఒక అంకె గీసి వదిలిపెట్టలేదు. తలకు ఇంత అని లెక్క కట్టారు. తలకు 37.5 బాత్‌తో మొదలుపెట్టి తర్వాత 45 బాత్‌కు పెంచారు. స్థానిక సంస్థ కూడా తన వాటా కలపాలన్నారు. పెద్ద ఊరికి ఎక్కువ, చిన్న ఊరికి తక్కువ. కాలంతోపాటు నిధి కూడా పెరుగుతుంది. ఇది మన దేశంలో సాధ్యం కాని అద్భుతమేమీ కాదు.

రెండు తప్పుడు వాదనలు

ఈ నిధి విషయంలో మనకు రెండు రకాల వాదనలు వినిపిస్తుంటాయి. రెండూ తప్పుడువే.

మొదటిది: "ఏనుగు దాహానికి చూరునీళ్ళా? డాక్టర్లు లేరు, మందులు లేవు. పదివేలతో ఏమవుతుంది? ఇది జనం నోరు మూయించడానికి విసిరిన ఎంగిలి మెతుకు. దీని జోలికి పోకూడదు." ఇలా అనేవాళ్ళలో మంచి మిత్రులు, పోరాటాలలో ఆరితేరినవాళ్ళు కూడా వున్నారు. వాళ్ళ కోపం న్యాయమైనదే. 1996లో ప్రపంచ బ్యాంకు అప్పుతో కర్ణాటకలో ఆస్పత్రుల సంస్కరణ మొదలయి, రోగుల దగ్గర యూజర్ చార్జీలు వసూలు చేసే పద్ధతి ఎలా స్థిరపడిందో చూసినవాళ్ళు వాళ్ళు. కాని వాళ్ళ ముగింపు మాత్రం సరికాదు. బోనస్ తక్కువ ఇచ్చారని బోనస్‌ను వదులుకుంటామా? తీసుకుని, సంతకం పెట్టి, మిగతాదానికి కొట్లాడతాం. పైగా ఈ నిధి విలువ రూపాయల్లోనే లేదు. ఊళ్ళో పదిమంది ఆడవాళ్ళు నెలకొకసారి కూర్చుని, మన ఊళ్ళో ఎవరికి ఏం జబ్బు, ఎందుకు వచ్చింది, ఎవరిని నిలదీయాలి అని మాట్లాడుకునే హక్కు ఈ నిధితోపాటు వచ్చింది. ఆ హక్కును వదులుకుంటే పదివేలు ఎలాగూ పోతాయి, వాటితోపాటు నోరు కూడా పోతుంది.

రెండవది దీనికంటే ప్రమాదకరమైనది. ఇది పైనుంచి వచ్చే వాదన: "ఊరికి నిధి ఇచ్చాం కదా, కమిటీ వేశాం కదా, ఇక మీ ఆరోగ్యం మీ చేతుల్లోనే వుంది." ఈ మాట ముసుగులో ప్రభుత్వం తన బాధ్యత తప్పించుకుంటుంది. డాక్టరు పోస్టు ఖాళీగా వుంటే కమిటీ ఏం చేస్తుంది? నర్సమ్మకు జీతం కాంట్రాక్టు మీద ఇస్తూ, ఆశా కార్యకర్తకు జీతమే లేకుండా ప్రోత్సాహకాలతో సరిపెడుతూ, బాధ్యతంతా కమిటీ నెత్తిన వేయడం న్యాయమా? 1978లో ఆల్మా ఆటాలో ప్రపంచ దేశాలు కలిసి చేసిన ప్రకటన ప్రజలు పాల్గొనాలని చెప్పింది, నిజమే. అయితే ప్రజల ఆరోగ్యానికి ప్రభుత్వాలదే బాధ్యత అని కూడా అదే ప్రకటన చెప్పింది. మొదటి సగం చదివి రెండో సగం మింగేస్తే ఎలా?

మా అభిప్రాయం ఇది. చిన్న నిధి చిన్న పనులకు. పెద్ద పనులకు పెద్ద డబ్బు ప్రభుత్వమే పెట్టాలి. చిన్న నిధితో చేసిన పని పెద్ద డబ్బు అడగడానికి ఆధారం కావాలి.

ఒక ఉదాహరణ: ఫ్లోరైడు

మన ప్రాంతాలకు ఫ్లోరైడు కొత్త కాదు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును గుర్తించారు. అనంతపురం, పావగడ, బాగేపల్లి, కోలారు ప్రాంతాలలో పళ్ళు గారపట్టిన పిల్లలను, నడుము వంగిన పెద్దలను చూడనివాళ్ళం మనలో ఎవరున్నారు? లీటరు నీటిలో ఫ్లోరైడు ఒక మిల్లీగ్రాము లోపల వుండాలి, వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర దాకా పరవాలేదు అని మన దేశ ప్రమాణం. బ్లీచింగ్ పౌడర్ వేస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు. నీళ్ళు కాచినా పోదు. పైగా నీరు ఆవిరయి మిగిలిన నీళ్ళలో దాని పాలు పెరుగుతుంది.

పదివేలతో ఊరికి కృష్ణా నీళ్ళు తేగలమా? తేలేం. అది ప్రభుత్వం చేయవలసిన పని. కాని ఊళ్ళోని ప్రతి బోరు నీటిని పరీక్ష చేయించవచ్చు. ఎక్కువ వున్న బోరుకు ఎర్ర రంగు వేసి, తాగడానికి వాడవద్దని రాయించవచ్చు. అంగన్‌వాడీకి, బడికి ఏ బోరు నీళ్ళు పోతున్నాయో చూడవచ్చు. ఆ పరీక్ష కాగితాలు చేతపట్టుకుని మండలాఫీసుకో, తాలూకా ఆఫీసుకో వెళ్ళి "మా ఊరి నీళ్ళలో ఇంత వుంది, మా పిల్లల పళ్ళు ఇలా వున్నాయి, మాకు నది నీళ్ళు ఎప్పుడిస్తారు?" అని నిలదీయవచ్చు. ఉత్త చేతులతో వెళ్ళిన అర్జీకి, కాగితంతో వెళ్ళిన అర్జీకి ఎంత తేడా వుంటుందో లేబర్ ఆఫీసు మెట్లెక్కిన ప్రతి కార్మికుడికీ తెలుసు.

మరొక ఉదాహరణ: దూది దుమ్ము

ఇది మన సొంత జబ్బు. బ్లో రూములో, కార్డింగులో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళకు దూది దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరుతుంది. వారం సెలవు తర్వాత పనిలోకి వచ్చిన మొదటి రోజున ఛాతీ బిగపట్టడం దీని తొలి లక్షణం. బిసినోసిస్ అంటారు. ఇది పనివల్ల వచ్చే జబ్బు అని, నష్టపరిహారానికి అర్హమైనదని చట్టం ఒప్పుకున్న జబ్బు.

బెంగళూరులో బిన్నీ, మినర్వా, రాజా మిల్లు ఒక్కొక్కటిగా మూతబడ్డాయి. రాజా మిల్లు వున్న స్థలంలో ఇప్పుడు మల్లేశ్వరం మాల్ నిలబడి వుంది. మిల్లులు పోయినా ఆ మిల్లుల దుమ్ము కొందరు పాత కార్మికుల ఊపిరితిత్తుల్లో మిగిలింది. వాళ్ళలో ఊళ్ళకు తిరిగి వెళ్ళినవాళ్ళున్నారు. అక్కడ దగ్గు, ఆయాసం అంటే ముందుగా టి.బి. పరీక్ష చేస్తారు. టి.బి. లేదని తేలితే బీడీ దగ్గు అనో, ముసలితనం అనో పంపించేస్తారు. "తాతా, నువ్వు ఏ మిల్లులో, ఏ ఖాతాలో, ఎన్నేళ్ళు పనిచేశావు?" అని అడిగేవాళ్ళు లేరు.

ఆ ఒక్క ప్రశ్నకు రూపాయి ఖర్చు లేదు. గ్రామ కమిటీ చేసే ఇంటింటి సర్వే పుస్తకంలో ఒక గడి ఎక్కువ గీస్తే చాలు. పట్నంలో ఏ పని చేసి వచ్చారు, ఎన్నేళ్ళు చేశారు. నూలు మిల్లు, గ్రానైటు క్వారీ, ఇటుక బట్టీ ఏదయినా సరే. దాన్ని చూసి ఆయాసం వున్నవాళ్ళను జిల్లా ఆస్పత్రికి పంపించి, ఊపిరి పరీక్ష చేయించి, కాగితం ఇప్పించాలి. బస్సు చార్జీలు లేని పేదవాడయితే అవి ఈ నిధిలోంచే ఇవ్వవచ్చు. ఆ కాగితం ఇక్కడికి, యూనియన్‌కు వస్తే నష్టపరిహారం సంగతి మనం చూడగలం. ఊరి కమిటీ, పట్నం యూనియన్ కలిసి చేయవలసిన పని ఇది. ఇద్దరిలో ఏ ఒక్కరివల్లా అయ్యేది కాదు.

డబ్బు ఎక్కడ ఆగుతోంది?

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. జాతీయ ఆరోగ్య మిషన్ డబ్బు ఖర్చు కాకుండా రాష్ట్రాల దగ్గర మిగిలిపోయిన సంగతిని కాగ్ 2017 నివేదికలోనే బయటపెట్టింది. 27 రాష్ట్రాలలో ఖర్చు కాని మొత్తం 2011-12లో రూ. 7,375 కోట్లు వుంటే, 2015-16 నాటికి అది రూ. 9,509 కోట్లకు పెరిగింది. ఒకవైపు ఊరికి పదివేలు ఇవ్వడానికి చేయి రాదు. మరొకవైపు వేల కోట్లు ఖాతాల్లో నిద్రపోతుంటాయి!

అలాగే 15వ ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 దాకా ఐదేళ్ళకు ఆరోగ్యం కోసం స్థానిక సంస్థల ద్వారా రూ. 70,051 కోట్లు ఖర్చు చేయాలని సిఫారసు చేసింది. ఇందులో గ్రామీణ స్థానిక సంస్థల వాటా రూ. 43,928 కోట్లు. సబ్‌సెంటర్లకు భవనాలు, రక్త పరీక్షలు వగైరాలకు ఉద్దేశించిన డబ్బు ఇది. పేరు పంచాయతీలది. కాని ఎన్ని గ్రామ సభలలో దీని లెక్క చదివి వినిపించారు? మీ ఊరి సర్పంచిని లేదా పంచాయతీ అధ్యక్షుణ్ణి అడిగి చూడండి.

చిన్న నిధి విషయంలో జరిగేది మరొక తంతు. ఖర్చు చేసిన కాగితం, అంటే యు.సి. రాయకపోతే మరుసటి వాయిదా రాదు. అది రాయడం ఆశా కార్యకర్తకు ఎవరూ సరిగ్గా నేర్పరు. దాంతో డబ్బు ఖర్చు పెట్టడమంటేనే భయం. ఇంకొన్నిచోట్ల కమిటీ పేరు రిజిస్టరులోనే వుంటుంది. సంతకాలు మాత్రం ఇంటింటికీ తిరిగి పెట్టించుకుంటారు. మా సభ్యులు కొందరు పండుగకు ఊరెళ్ళి అడిగితే ఒక ఊళ్ళో కమిటీ సభ్యురాలికే తాను సభ్యురాలినని తెలియదు. మరో ఊళ్ళో ఫ్లెక్సీ బోర్డులు, బల్లా కుర్చీలు కొనమని పైనుంచి మాట వచ్చిందట. కట్టుబాటు లేని నిధికి కట్టుబాట్లు ఇలా మొదలవుతాయి. మురుగు కాలువ మాత్రం అలాగే వుంది.

ఇందులో ఆశా కార్యకర్తను దొంగగా చూడడం మనం చేయకూడని పని. ఆమె మనలాంటి శ్రామికురాలే. లెక్క అడగడమంటే ఆమెను బెదిరించడం కాదు. ఆమె పక్కన నిలబడడం. ఊరి పెద్దమనుషులు ఆమె చేత తెల్ల చెక్కు మీద సంతకం పెట్టించుకోకుండా చూడడం.

కార్మికులు చేసి చూపించిన దారి

ప్రజారోగ్యం యూనియన్ల పని కాదు అనేవాళ్ళకు ఛత్తీస్‌గఢ్‌లోని దల్లీ రాజహరా గనుల వైపు చూడమని చెబుతాం. అక్కడి ఇనుప గనుల కార్మికులు, శంకర్ గుహ నియోగి నాయకత్వంలో, 1983 జూన్ 3న సొంత ఆస్పత్రిని ప్రారంభించారు. పేరు షహీద్ ఆస్పత్రి. 1977లో పోలీసు కాల్పులలో చనిపోయిన కార్మికుల స్మృతిగా ఆ పేరు పెట్టారు. యూనియన్ ఉపాధ్యక్షురాలు ఒకామె ప్రసవ సమయంలో సరైన వైద్యం అందక చనిపోయిన దుఃఖంలోంచి ఆ ఆలోచన పుట్టింది. కార్మికులే చందాలు వేసుకున్నారు, కార్మికులే రాళ్ళు మోశారు. 1991 సెప్టెంబరు 28న నియోగిని హత్య చేశారు. అయినా ఆస్పత్రి ఆగలేదు. గని కార్మికులకే కాదు, చుట్టుపక్కల పల్లెలకూ అది వైద్యం అందించింది.

మనం ఆస్పత్రి కట్టాలని ఇక్కడ చెప్పడం లేదు. గేటు బయట, కాలనీలో, ఊళ్ళో కార్మికుడి కుటుంబం ఎలా బతుకుతోందన్నది కూడా యూనియన్ విషయమేనని ఆ కార్మికులు రుజువు చేశారని గుర్తు చేస్తున్నాం.

మనం వుంటున్న చోట కూడా

ఊళ్ళోనే కాదు, మనం అద్దెకుంటున్న కాలనీలలో కూడా ఇలాంటి ఏర్పాటు వుండాలి. 2013లో వచ్చిన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ కింద 50 నుంచి 100 ఇళ్ళకు ఒక మహిళా ఆరోగ్య సమితి, దానికి ఏడాదికి రూ. 5,000 నిధి అని రాశారు. మీ వీధిలో ఆ సమితి వుందా? అందులో గార్మెంట్ పనికి వెళ్ళే ఆడవాళ్ళు ఒక్కరయినా వున్నారా? పొద్దున ఎనిమిదికి పోయి రాత్రి ఏడుకు వచ్చే మనిషిని కలుపుకోవాలంటే సమావేశం ఆదివారం పెట్టాలి. ఆ చిన్న మార్పును అడగవలసింది మనమే.

మా డిమాండ్లు

1. గ్రామ ఆరోగ్య కమిటీ నిధిని ధరల సూచీతో ముడిపెట్టాలి. 2005 నాటి పదివేల విలువను ముందు పూర్తిగా పునరుద్ధరించాలి. ఆ తర్వాత మన వి.డి.ఎ. లాగే ఏటా పెంచాలి.

2. ఊరికి ఇంత అని కాకుండా జనాభాను బట్టి, తలకు ఇంత అని లెక్కగట్టాలి. తండాలకు, దళితవాడలకు ఖర్చు పెట్టిన వివరం విడిగా చూపాలి.

3. ఆర్థిక సంవత్సరం మొదటి మూడు నెలల్లోనే డబ్బు కమిటీ ఖాతాకు చేరాలి. మార్చి నెలలో వేసి మార్చిలోనే ఖర్చు చూపించమనే పద్ధతి పనికిరాదు.

4. ఇది కొనండి, అది కొనవద్దు అని పైనుంచి ఆదేశాలు పంపడం ఆపాలి. ఆశా కార్యకర్తలకు లెక్కలు రాయడంలో శిక్షణ ఇవ్వాలి, వాళ్ళకు కనీస వేతనం ఇవ్వాలి.

5. ఈ నిధిని సాకుగా చూపి డాక్టర్ల, నర్సుల ఖాళీలను, మందుల కొరతను అలాగే వదిలేయకూడదు.

6. గ్రామ సర్వేలలో పట్నంలో చేసిన పని వివరాలు రాయాలి. దూది దుమ్ము జబ్బు వున్నవాళ్ళకు జిల్లా ఆస్పత్రిలో ఉచిత పరీక్ష, ధ్రువపత్రం ఇవ్వాలి.

మన సభ్యులు చేయవలసిన పని

డిమాండ్లు రాసి చేతులు కట్టుకు కూర్చుంటే ఫలితం వుండదు. అడగనిదే అమ్మయినా పెట్టదు. ఈసారి ఉగాదికో, సంక్రాంతికో, ఊరి జాతరకో వెళ్ళినప్పుడు ప్రతి సభ్యుడు, సభ్యురాలు ఒక గంట ఈ పనికి కేటాయించాలని కోరుతున్నాం. ఆశా కార్యకర్తను కలవండి. కమిటీలో ఎవరెవరు వున్నారో, పోయిన ఏడాది ఎంత డబ్బు వచ్చిందో, దేనికి ఖర్చయిందో అడిగి రాసుకోండి. చెప్పకపోతే సమాచార హక్కు చట్టం వుంది. అది కూడా 2005లో వచ్చినదే. ముప్పై రోజులలో జవాబు ఇచ్చి తీరాలి. కర్ణాటకలో దరఖాస్తు రుసుము పది రూపాయలు. ఆంధ్రలో గ్రామ స్థాయిలో రుసుమే లేదు. దరఖాస్తు రాయడం రాకపోతే ఆదివారం యూనియన్ ఆఫీసుకు రండి, కలిసి రాద్దాం.

2016 ఏప్రిల్ నెల గుర్తు తెచ్చుకోండి. పి.ఎఫ్. డబ్బు తీసుకోవడం మీద కేంద్రం కొత్త ఆంక్ష పెడితే బెంగళూరు గార్మెంట్ ఆడవాళ్ళు వేల సంఖ్యలో రోడ్డెక్కారు. రెండు రోజుల్లో ఢిల్లీ దిగివచ్చి ఆ నిబంధనను వెనక్కు తీసుకుంది. వాళ్ళను నడిపించింది పెద్ద నాయకుల ఉపన్యాసాలు కాదు. "ఆ డబ్బు మాది" అన్న ఒక్క మాట.

ఊరి ఆరోగ్య నిధి విషయంలో కూడా ఆ మాట అనగలిగిన రోజున పదివేలు పదివేలుగా మిగలవు. అది ప్రభుత్వ దానం కాదు. సబ్బు లాంటి వస్తువుల మీద మనం, మన ఊళ్ళో మనవాళ్ళు కట్టిన పన్నుల్లోంచి తిరిగి రావలసిన చిల్లర. ఆ చిల్లరను లెక్కపెట్టి తీసుకుందాం. మిగతా బాకీ కూడా అడుగుదాం.